కళింగ యుద్ధం: అశోకుడు ఏం రాయించాడు, ఎక్కడ రాయించలేదు



ఈసారి పాఠం యుద్ధం గురించి. ధమ్మ పాఠంలో యుద్ధం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. 2025 మే నెలలో ఇండియా, పాకిస్తాన్ మధ్య నాలుగు రోజులు క్షిపణులు, డ్రోన్లు నడిచాయి. ఆ నాలుగు రోజులూ మన పేటల్లో ఫోన్లు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకోండి. పొద్దున్న త్రిశరణం స్టేటస్ పెట్టిన ఫోన్లోనే సాయంత్రానికి ‘ఆ దేశాన్నే లేపేయాలి’ అని వచ్చింది. అదే సమయంలో కాలువ గట్టు మీద తెల్లవారుజామున మన కుర్రోళ్లు ఆర్మీ ర్యాలీ కోసం పరుగు ప్రాక్టీసు చేస్తూనే ఉన్నారు. కడియం దగ్గర ఒక అధ్యయన తరగతిలో ఒక అమ్మ సూటిగా అడిగింది. “పంచశీల తీసుకున్న ఇల్లు మాది. మా అబ్బాయి మిలట్రీకి ఎల్తానంటున్నాడు. పంపితే తప్పా?”

ఆ అమ్మకి ‘అహింసా పరమో ధర్మః’ అని చెప్పి పంపించెయ్యడం తేలిక. అది మన జవాబు కాదు. ఆ జవాబుకి ముందు ఒక యుద్ధాన్ని జాగ్రత్తగా చదవాలి. పక్క పక్క దేశాల యుద్ధం అంటే మనకి దగ్గర ఉదాహరణ కళింగ యుద్ధమే. జెండా మీద చక్రం ఉన్నవాళ్లం, ఆ చక్రం వెనక ఉన్న యుద్ధం సంగతి మనకి స్కూల్ పుస్తకంలో నాలుగు లైన్లకు మించి తెలియదు.

కళింగ మనకి దూరం దేశం కాదు. దాని హద్దులు కాలాన్ని బట్టి మారాయి గానీ, మహానది నుంచి గోదావరి దాకా అని చాలామంది చరిత్రకారులు చెబుతారు. అంటే ధవళేశ్వరం గట్టెక్కి ఉత్తరం వైపు తిరిగి నిలబడితే కళింగకి ఎదురుగా నిలబడినట్టే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నేల అంతా కళింగే. అక్కడి శాలిహుండం, ఇటు కోనసీమలో ఆదుర్రు స్తూపం, అటు గుంటుపల్లి గుహలు, ఇవన్నీ తర్వాతి కాలంలో బౌద్ధం ఈ తీరం పొడుగునా నిలబడిందని చెప్పే గుర్తులు.

ఏ యుద్ధాన్ని చదివినా రెండు విషయాలు విడదీసి చూడండి. రాజుకి ఏం కావాలి అన్నది ఒకటి. దాన్ని సైన్యం ఎలా తెచ్చిపెట్టింది అన్నది రెండోది. మొదటిదాన్ని ఎప్పుడూ దాచేస్తారు. రెండోదాన్ని వీరగాథలు చేసి పాడతారు.

*రాజుకి ఏం కావాలి?*

అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో కళింగని గెలిచానని చెప్పాడు. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్లకు అని కాలం చెప్పాడు. మన లెక్కలో అది క్రీ.పూ. 261 ప్రాంతం. కానీ ఎందుకు దండెత్తాడో ఒక్క మాట రాయలేదు. కళింగ రాజు ఎవరో పేరు లేదు. యుద్ధం ఏ చోట జరిగిందో కూడా లేదు. ధౌలి దగ్గర దయా నది రక్తంతో ఎర్రబడిందని టూరిస్టులకి చెబుతుంటారు, శాసనంలో ఆ ముక్క లేదు.

కారణం మ్యాపు చూస్తే కొంత అర్థమవుతుంది. మౌర్యుల చెయ్యి అప్పటికే దక్షిణాదికి చేరిందని చరిత్రకారుల అభిప్రాయం. కర్నూలు జిల్లా ఎర్రగుడి, కర్ణాటకలో మస్కి, బ్రహ్మగిరి, ఇవన్నీ అశోకుడి శాసనాలు దొరికిన చోట్లు. పాటలీపుత్రం నుంచి అక్కడిదాకా తమ అధికారం ఉండగా, తూర్పు తీరం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. రేవులు వాళ్లవి, సముద్ర వ్యాపారం వాళ్లది, దక్షిణానికి దిగే తీరం దారి వాళ్లది, అడవుల్లో ఏనుగులు వాళ్లవి. ఆ రోజుల్లో ఏనుగు అంటే ఇప్పటి యుద్ధ ట్యాంకు.

ఇంకో సంగతి. కళింగ అంతకు ముందే ఒకసారి మగధ కింద ఉంది. నంద రాజు కళింగలో కాలువ తవ్వించాడని, అక్కడి జిన విగ్రహాన్ని మగధకి పట్టుకుపోయాడని ఖారవేలుడి హాథీగుంఫా శాసనం చెబుతోంది. తర్వాత కళింగ చెయ్యి జారిపోయింది. ‘ఒకప్పుడు మాదే’ అన్న మాట అశోకుడి దర్బారులో వినబడి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ఇప్పటికీ సరిహద్దు తగాదాలన్నిటిలో మొదట వినబడే మాట అదే కదా.

కౌటిల్యుడి పేరుతో ఉన్న అర్థశాస్త్రం అయితే ఇంకా సూటిగా చెబుతుంది. హద్దు కలిసిన రాజ్యం సహజంగానే శత్రువు, ఆ శత్రువుకి అవతలి వాడు మిత్రుడు. పక్కవాడు నీకేం చేశాడు అన్న ప్రశ్నే అక్కర్లేదు, పక్కన ఉండటమే నేరం. సామ దాన భేద దండోపాయాలు ఈ లెక్క మీద నడిచేవే. బ్రాహ్మణీయ రాజనీతి అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే ఈ ఒక్క సూత్రం చూపించండి.

*ఎవరి బలం ఎంత? చచ్చింది ఎవరు?*

మెగస్తనీస్ అనే గ్రీకు రాయబారి చంద్రగుప్తుడి కాలంలో మగధకి వచ్చాడు. అతను చెప్పిన వివరాల ఆధారంగా ప్లినీ అనే రోమన్ రచయిత కొన్ని అంకెలు రాసిపెట్టాడు. కళింగ రాజుకి 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు. మగధకి 6,00,000 కాల్బలం, 30,000 గుర్రాలు, 9,000 ఏనుగులు. (ఆంధ్రులకి 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు, ప్రాకారాలున్న 30 పట్టణాలు అని కూడా రాశాడు.) ఈ అంకెలు ఎంతవరకు నిఖార్సో ఎవరూ ప్రమాణం చెయ్యలేరు గానీ, నిష్పత్తి చూడండి. కాల్బలంలో పదికి ఒకటి.

ఇప్పుడు అశోకుడి శాసనంలోని అంకెలు. అక్కడ చంపబడినవాళ్లు 1,00,000 మంది. దేశం నుంచి తరలించుకుపోయినవాళ్లు 1,50,000 మంది. ఆ తర్వాత చనిపోయినవాళ్లు దానికి ఎన్నో రెట్లు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. 60,000 సైన్యం ఉన్న దేశంలో లక్ష మంది చచ్చిపోయారు. మెగస్తనీస్ లెక్క అశోకుడి తాత కాలం నాటిది, మధ్యలో సైన్యం పెరిగి ఉండొచ్చు, లక్ష అన్నది గుండు అంకె కావచ్చు. అయినా సరే, సైన్యం మొత్తం ఒక్కడు మిగలకుండా చచ్చినా లక్ష కారు. పొలాల్లో, ఇళ్లల్లో ఉన్నవాళ్లని కలపకుండా ఆ లెక్క పూర్తి కాదు. ‘తర్వాత ఎన్నో రెట్లు’ అన్న మాట యుద్ధం ఆగాక వచ్చిన ఆకలి, రోగం, అనాథ బతుకుల గురించే అయ్యుండాలి.

మరి తరలించుకుపోయిన లక్షన్నర మంది సంగతి? పాఠ్యపుస్తకాలు ఈ అంకెని చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. మనం ఆగాలి. లక్షన్నర మందిని ఎందుకు తీసుకెళ్తారు? అర్థశాస్త్రంలో కొత్త ఊళ్లు కట్టడం గురించి ఒక అధ్యాయం ఉంది. పరదేశం నుంచి జనాన్ని తెచ్చి బీడు భూముల్లో నిలపాలని, ఆ ఊళ్లల్లో ఎక్కువమంది శూద్ర సేద్యగాళ్లు ఉండాలని అది చెబుతుంది. కళింగ నుంచి తరలించినవాళ్లని అడవులు కొట్టించడానికి, బంజర్లు సాగు చేయించడానికి వాడి ఉంటారని కొందరు చరిత్రకారులు అభిప్రాయపడ్డారు. అంటే యుద్ధంలో గెలుచుకున్న సొత్తులో నేల, రేవులతో పాటు మనుషుల రెక్కలు కూడా ఉన్నాయి. ఊరు వదిలి, భాష తెలియని చోట, ఎవడి పొలంలోనో గొడ్డు చాకిరీ చేసిన ఆ లక్షన్నర మంది పేర్లు ఏ రాతి మీదా లేవు. మన తాతల బతుకులు ఏ రికార్డులోనూ లేనట్టే.

*పశ్చాత్తాపం*

పదమూడో శాసనంలో అశోకుడు తనకి కలిగిన బాధని దాచుకోలేదు. గెలవని దేశాన్ని గెలిచేటప్పుడు జరిగే చంపడం, చావడం, తరలింపు తనకి చాలా బరువుగా అనిపిస్తున్నాయని రాయించాడు. అంతకంటే బరువైనది ఇంకొకటి చెప్పాడు. ఆ దేశంలో బ్రాహ్మణులు, శ్రమణులు, మామూలు గృహస్థులు ఉంటారు. తల్లిదండ్రుల్ని, పెద్దల్ని గౌరవించేవాళ్లు, స్నేహితులతో, దాసులతో, పనివాళ్లతో మంచిగా ఉండేవాళ్లు ఉంటారు. వాళ్లకి దెబ్బ తగులుతుంది, ప్రియమైనవాళ్లు దూరమవుతారు. తాను బతికి బయటపడ్డవాడికి కూడా తనవాళ్లకి వచ్చిన కష్టం తన కష్టమే అవుతుంది. కళింగలో పోయినవాళ్లలో నూరో వంతు, వెయ్యో వంతు పోయినా ఇప్పుడు తనకి బరువే అన్నాడు.

శత్రు దేశంలో ఉన్నది ‘శత్రువులు’ అని కాకుండా, అమ్మానాన్నల్ని చూసుకునే మనుషులు అని గెలిచిన రాజే బహిరంగంగా రాయించడం, అదీ రెండువేల రెండు వందల ఏళ్ల కిందట, చిన్న సంగతి కాదు. ఫోన్లలో ‘లేపేయాలి’ అని పెట్టినవాళ్లు ఈ ఒక్క భాగాన్ని చదివినా చాలు.

అయితే ఉపాసకులు కళ్లు మూసుకుని చదవకూడదు. బుద్ధుడు కాలాములకి చెప్పింది అదే కదా, ఎవరు చెప్పినా పరీక్షించి చూడమని. అశోకుణ్ణి కూడా పరీక్షిద్దాం.

ఈ పదమూడో శాసనం ఎక్కడెక్కడ ఉంది? మన ఎర్రగుడి బండల మీద ఉంది. వాయువ్యంలో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ, మాన్సెహ్రాల్లో ఉంది. ఇంకొన్ని చోట్ల ఉంది. కళింగలో మాత్రం లేదు. భువనేశ్వర్ దగ్గర ధౌలిలో, గంజాం జిల్లా జౌగడలో అశోకుడి శాసనాలు ఉన్నాయి గానీ, వాటిలో 11, 12, 13 తీసేసి, బదులుగా రెండు వేరే శాసనాలు చెక్కించారు. అంటే దెబ్బ తిన్న కళింగ జనం ఊళ్లోనే ‘మిమ్మల్ని చంపాను, బాధగా ఉంది’ అన్న మాట లేదు.

ఎందుకని? లక్ష మందిని చంపామని ఆ ఊళ్లోనే రాయిస్తే గాయం మళ్లీ రేగుతుందని మంత్రులు భయపడి ఉండొచ్చు. ఇది రాజకీయ జాగ్రత్త అనే నేను అనుకుంటున్నాను. క్షమాపణ అందరికీ వినిపించి, బాధితుడికి మాత్రం వినిపించకపోతే అది సగం క్షమాపణే. కారంచేడు, చుండూరు చూసిన మనకి ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ ఆ రెండు వేరే శాసనాల్లో ఏముందో కూడా చూడాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. అవి తోసలి, సమాపలలోని మహామాత్రులకి, అంటే అధికారులకి ఇచ్చిన ఆజ్ఞలు. మనుషులందరూ నా బిడ్డలే అంటూ మొదలుపెట్టి, కారణం లేకుండా ఎవరినీ జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు అన్నాడు. అసూయ, కోపం, సోమరితనం, తొందరపాటు ఉన్న అధికారి న్యాయం చెయ్యలేడని హెచ్చరించాడు. ఐదేళ్లకోసారి తనిఖీకి మనుషుల్ని పంపుతానన్నాడు. తిష్య నక్షత్రం రోజుల్లో దీన్ని జనానికి చదివి వినిపించమన్నాడు. ఓడిపోయిన ఊరి మీద పోలీసు ఎలా ప్రవర్తిస్తాడో మనకి తెలుసు. అక్కడ ముందు పోలీసుకి సంకెళ్లు వెయ్యడం అన్నది క్షమాపణ మాట కంటే ఎక్కువ పని చేసి ఉండొచ్చు.

చెయ్యనివి కూడా ఉన్నాయి. కళింగని తిరిగి ఇచ్చేసినట్టు ఏ శాసనంలోనూ లేదు. లక్షన్నర మందిని వెనక్కి పంపినట్టు లేదు. అడవిలో ఉన్న జాతులకైతే అదే పదమూడో శాసనంలో ఒక మాట ఉంది. క్షమించగలిగినంత క్షమిస్తాను, కానీ పశ్చాత్తాపపడుతున్నా నాకు బలం ఉంది, సిగ్గు తెచ్చుకుని చావకుండా ఉండండి అని దాని సారం. సైన్యాన్ని రద్దు చేసినట్టు కూడా ఎక్కడా లేదు. అశోకుడు కత్తి పారేశాడు అని మనం పాటల్లో పాడుకుంటాం. శాసనాలు చెప్పేది వేరు: కత్తి దగ్గర పెట్టుకుని, దాన్ని వాడటానికి తనకి తానే హద్దు గీసుకున్నాడు. నా వరకు ఇదే ఎక్కువ విలువైన సంగతి. ఎందుకంటే కత్తి లేని రాజ్యం ఎప్పుడూ లేదు, హద్దు లేని రాజ్యాలు మాత్రం బోలెడు.

*యుద్ధానికి ముందు ఏం చెయ్యాలి?*

అశోకుడికి జ్ఞానం యుద్ధం తర్వాత వచ్చింది. సిద్ధార్థుడి దారి వేరు, ఆయన యుద్ధానికి ముందే లేచి నిలబడ్డాడు. బాబాసాహెబ్ ‘బుద్ధుడు ఆయన ధమ్మం’ గ్రంథంలో రాసిన రోహిణీ నది ఘట్టం మీరు చదివే ఉంటారు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడన్న కథని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 29 ఏళ్లు వచ్చేదాకా అవేవీ కంటపడలేదంటే నమ్మేదెలా అని అడిగారు.

ఆ ఘట్టం మన డెల్టా వాళ్లకి విడమర్చక్కర్లేదు. రోహిణి శాక్యులకీ కోలియులకీ హద్దు నది. రెండు వైపులా దాని నీళ్లతోనే సేద్యం. ముందు ఎవరు తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి అని ప్రతి ఏడూ తగాదా. దాళ్వాలో వంతులు పెట్టినప్పుడు శివారు రైతు లస్కరు మీద ఎందుకు ఎగురుతాడో తెలిసినవాళ్లకి ఈ యుద్ధం ఎలా పుట్టిందో తెలిసినట్టే. ఆ ఏడు ముందుగా కొట్టుకున్నది రెండు వైపులా పనివాళ్లు. చేలు యజమానులవి, పగిలిన తలలు పాలేర్లవి. ఈ చిన్న వివరం బాబాసాహెబ్ వదల్లేదు.

సేనాపతి సంఘాన్ని సమావేశపరిచి యుద్ధం ప్రకటిద్దామన్నాడు. సిద్ధార్థుడు లేచి, ముందు కొట్టింది మనవాళ్లే అని విన్నాను, అదే నిజమైతే తప్పు మనలోనూ ఉంది అన్నాడు. సొంత మనుషుల మధ్య ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. తర్వాత ఒక పద్ధతి చూపించాడు. మనం ఇద్దర్ని, వాళ్లు ఇద్దర్ని ఎన్నుకోవాలి. ఆ నలుగురూ కలిసి ఐదోవాణ్ణి ఎన్నుకోవాలి. ఆ ఐదుగురు తగాదా తీర్చాలి. ఓట్లు పెడితే ఆయన ప్రతిపాదన ఓడిపోయింది. 20 నుంచి 50 ఏళ్ల శాక్యులందరూ సైన్యంలో చేరాలన్న తీర్మానం వచ్చింది. సిద్ధార్థుడు చేరనన్నాడు. అప్పుడు సేనాపతి భయపెట్టింది దేనితో? ఉరి, దేశబహిష్కారం ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు నీ కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు గుంజుకుంటాం అన్నాడు. వెలి అంటే ఏంటో మనకి తెలుసు. ఇంటివాళ్ల మీద ఆ దెబ్బ పడకూడదని ఆయన తనంతట తానే దేశం విడిచి పరివ్రాజకుడయ్యాడు.

*ఆ అమ్మ ప్రశ్నకి*

ఇప్పుడు మిలట్రీ సంగతి. బాబాసాహెబ్ పుట్టింది మహూ సైనిక కంటోన్మెంటులో, 1891లో. తండ్రి రాంజీ సుబేదారు. మహర్లని సైన్యంలోకి తీసుకోవడం ఆపేసినప్పుడు ఆ జాతి ఎంత పోగొట్టుకుందో ఆయనకి ఇంట్లోనే తెలుసు. మళ్లీ తీసుకోవాలని ఆయన పట్టుబట్టారు, 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. సైనికుడి ఉద్యోగమే పాపం అని ఆయన అనుకుని ఉంటే ఇది జరిగేది కాదు.

అహింస గురించి ఆయన గీసిన గీత ఇది. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. మొదటిదాన్ని ధమ్మం పూర్తిగా కాదంటుంది. రెండోదాన్ని విచక్షణకి వదిలింది. ‘బుద్ధుడా, కార్ల్ మార్క్సా’ వ్యాసంలో వైశాలి సేనాపతి బుద్ధుణ్ణి అడిగిన ప్రశ్ననే ఎత్తుకున్నారు. శాంతి దారులన్నీ మూసుకుపోయాక న్యాయం కోసం, రక్షణ కోసం పోరాడేవాడిది తప్పు కాదని, మొదలుపెట్టినవాడిదే బాధ్యత అని, స్వార్థం కోసం మాత్రం యుద్ధం ఉండకూడదని అక్కడి సారం.

అందుకే అమ్మా, మీ అబ్బాయిని ఆపక్కర్లేదు. ఉద్యోగం కాగితం మాత్రం సరిగా చదివించండి. 2022 నుంచి అగ్నిపథ్ పద్ధతిలో నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి 25 మంది దాకానే ఉంచుతారు. మిగతా 75 మందిలో మనవాడు ఉంటే ఏం చేస్తాడో ముందే ఆలోచించి, డిగ్రీ ఆగకుండా చూసుకోండి. వాడు యూనిఫాం వేసుకున్నా పంచశీల తనతోనే ఉంటుంది. చంపాలనే కోరిక మనసులో పెరగనివ్వకపోవడం తుపాకీ పట్టినవాడికీ సాధ్యమే. ఫోను పట్టినవాడికి అంతకంటే సాధ్యం, పైగా వాడికి ‘తప్పని అవసరం’ అన్న సాకు కూడా లేదు.

ఇంట్లో కూర్చున్న మనకి ఇంకో పని ఉంది, అది లెక్కలు అడగడం. 1951 అక్టోబరు 10న నెహ్రూ మంత్రివర్గం నుంచి ఎందుకు తప్పుకున్నారో చెబుతూ బాబాసాహెబ్ ఇచ్చిన ప్రకటనలో విదేశాంగ విధానం ఒక ముఖ్య కారణం. ఏడాదికి 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని, మనకి స్నేహితులు లేకపోవడం వల్లే ఇంత ఖర్చు అని ఆయన అన్నారు. దేశం కోసం ప్రాణాలిచ్చే సైనికుణ్ణి ఆయన తక్కువ చెయ్యలేదు. పొరుగువాళ్లతో తగాదాలు తెంపకుండా పేదల బడి, ఆసుపత్రి డబ్బుని తుపాకీకి పెట్టే రాజకీయాన్ని నిలదీశారు. అలా అడిగితే దేశద్రోహి అంటారా? సిద్ధార్థుణ్ణి కూడా సంఘంలో చాలా మాటలే అన్నారు.

వచ్చే ఆదివారం వందన తర్వాత ఈ రెండు ప్రశ్నలు చర్చకి పెట్టండి. పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి. మన పేటలో నీళ్ల తగాదా గానీ, స్థలం తగాదా గానీ వస్తే ఐదుగురి పద్ధతి నడుస్తుందా, ఐదోవాడు ఎవరై ఉండాలి? అశోకుడు కళింగ జనానికి నేరుగా క్షమాపణ చెప్పి ఉంటే వాళ్లు ఏమడిగేవాళ్లు?

కళింగ కథకి చివర ఒకటి మిగిలింది. తన కొడుకులూ మనవలూ కొత్త విజయాల కోసం ఆశపడొద్దని అశోకుడు రాయించాడు. కొన్ని తరాల తర్వాత కళింగలో ఖారవేలుడు లేచి మగధ మీదకి వెళ్లాడు. నందుడు పట్టుకుపోయిన జిన విగ్రహాన్ని తిరిగి తెచ్చుకున్నానని, నందుడు తవ్వించిన ఆ పాత కాలువని రాజధాని దాకా పొడిగించానని చెక్కించాడు. అదే మహామేఘవాహన వంశపు పేరు పెట్టుకున్న సిరి సద అనే కళింగ రాజు శాసనం మన గుంటుపల్లిలో దొరికింది. అందులో దానం చేసినవాడు రాజు కాదు, అతని దగ్గర రాతపని చేసే లేఖకుడు చుళగోమ. భిక్ఖువులకి ఒక మండపం కట్టించి ఇచ్చాడు. కామవరపుకోట మీదుగా వెళ్తే గుంటుపల్లి చేరొచ్చు. తరగతి వాళ్లంతా కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటే పొద్దున్న బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు.